థాయ్ పల్లెపాట వినడం ఎక్కడ మొదలుపెట్టాలి? ఈసాన్‌లో ఆరేళ్లు విన్నవాడిగా నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ఇది. బ్యాంకాక్ టాక్సీలో రేడియోలో విన్న ఒక ఆడగొంతు మిమ్మల్ని వదల్లేదు. ఇంటికొచ్చి వెతికితే ముందు అమెరికా బ్యాండ్ ఖ్రువాంగ్‌బిన్, ఆ దారిన 1970ల థాయ్ పాటల సంకలనాలు దొరికాయి. వాటిని ఆఫీసులో ఒక థాయ్ సహోద్యోగికి వినిపిస్తే, "ఇవి నాకు తెలియవు, మా అమ్మ వినేవి వేరే" అందామె. ఇప్పుడు మీ సందేహం: బయటి దేశాల అభిమానులు వింటున్నది నిజమైన థాయ్ పల్లెపాటేనా? భాష రాని మనం ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు విన్నది నిజమైనదే, కానీ సగమే. మిగతా సగం ఆ అమ్మ వినేది. దాని దగ్గరికి ఎలా వెళ్లాలో చెప్పడానికే ఇంత రాస్తున్నాను. ఉద్యోగం మీద ఆరేళ్లు ఈశాన్య థాయ్‌లాండ్‌లోని, అంటే ఈసాన్‌లోని, ఖోన్ కేన్‌ నగరంలో ఉన్నాను. నేనూ మీలాగే ఆ సంకలనాల వైపు నుంచే వచ్చాను. మాకు ఇల్లు అద్దెకిచ్చిన పెద్దావిడను అందరం 'పా' అనేవాళ్లం, అంటే పెద్దమ్మ. ఆమె వంటింటి రేడియో నా చెవికి మళ్లీ ఓనమాలు నేర్పింది.

ముందు రెండు మాటలు విడదీసుకోవాలి. 'లూక్ థుంగ్' అంటే పొలం బిడ్డ. మధ్య థాయ్‌లాండ్ వరిమళ్లలో పుట్టి, బ్యాండ్ వాద్యాలతో రికార్డుకెక్కిన పాట ఇది. పాట అంతకుముందు నుంచే ఉన్నా, ఈ పేరు స్థిరపడింది 1964లో ఒక టీవీ కార్యక్రమం వల్ల. పట్నం తరహా మెత్తని పాటను 'లూక్ క్రుంగ్', నగరం బిడ్డ, అంటారు. ఇక 'మోలమ్' ఈశాన్య ప్రాంతానిది, లావ్ భాషా సంప్రదాయానిది. 'మో' అంటే విద్య తెలిసినవాడు. వైద్యుణ్నీ అదే మాటతో పిలుస్తారు. 'లమ్' అంటే ఆ పాడే పద్ధతి. ఆ ప్రాంతం పేరు ఈసాన్, మన 'ఈశాన్యం' పుట్టిన సంస్కృత పదం నుంచే వచ్చింది. అక్కడి ఊళ్ల పేర్లు తెలుగు చెవితో వింటే సగం అర్థమవుతాయి. ఉబోన్ రట్చథానీలో ఉత్పలం, రాజధాని ఉన్నాయి. సుఫన్‌బురి మన సువర్ణపురి. గాయకులు రంగస్థల పేర్లలో సొంతూరిని పెట్టుకుంటారు: ఫెట్‌సుఫన్ అంటే సుఫన్ వజ్రం, ఫెట్‌ఉబోన్ అంటే ఉబోన్ వజ్రం. 'ఫెట్' కూడా వజ్ర శబ్దం నుంచి వచ్చిందే. పేరు వినగానే ఆ గొంతు ఏ మట్టిదో తెలిసిపోతుంది. మన ఇంటిపేర్లలో ఊరు నిలిచిపోయినట్టే.

టాక్సీలోనే ఎందుకు విన్నారంటే, బ్యాంకాక్ టాక్సీ డ్రైవర్లలో చాలామంది ఈసాన్ నుంచి వచ్చినవాళ్లు. భవనాలు కట్టే కూలీలు, ఫ్యాక్టరీల్లో, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు కూడా. దేశ జనాభాలో దాదాపు మూడోవంతు ఉన్న ప్రాంతమది. అక్కడ నీటి వసతి తక్కువ, వరి వానమీదే ఆధారం, కోత అయ్యాక పట్నం బస్సెక్కాల్సిందే. పాలమూరు వలస తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

బయటి ప్రపంచం ఈ పాటను కనుక్కున్న తీరు చూస్తే, మీ సహోద్యోగి ఎందుకు గుర్తుపట్టలేదో తెలుస్తుంది. వియత్నాం యుద్ధ కాలంలో ఉడోన్, ఉబోన్, కోరాట్, నఖోన్ ఫనోమ్‌లలో అమెరికా వైమానిక స్థావరాలుండేవి. సైనికుల వెంట రాక్, సోల్ రికార్డులు వచ్చాయి, వాళ్ల కోసం బార్లలో వాయించే స్థానిక బ్యాండ్లు పుట్టాయి. ఆ చేతులే తర్వాత పల్లెపాటకు గిటారు, ఆర్గన్, డ్రమ్ సెట్ పట్టాయి. ఉబోన్‌లో ఫెట్ ఫిన్ థోంగ్ బృందంలో థోంగ్‌సాయ్ థప్‌థనోన్ అనే విద్వాంసుడు 'ఫిన్'కి, అంటే ఈసాన్ వీణకి, కరెంటు పెట్టి వాయించి కొత్త దారి వేశాడు. మీ చెవికి పట్టిన ఆ జిలజిల మోగే తీగ స్వరం అక్కడిదే. 1972 ప్రాంతంలో రచయిత సురిన్ ఫాక్‌సిరి, అప్పటికి చిన్న వయసులోనే ఉన్న గాయని అంగ్‌ఖనాంగ్ ఖున్‌చై చేత లమ్ పద్ధతినీ లూక్ థుంగ్ వాద్యబృందాన్నీ కలిపి పాడించాడు. రెండు దారులూ అక్కడ కలిశాయి.

ఆ కాలపు రికార్డులు, క్యాసెట్లు పాతసామాన్ల అంగళ్లలో పడి ఉండగా కొందరు ఏరి దాచారు. 2000లలో అమెరికాలోని సబ్‌లైమ్ ఫ్రీక్వెన్సీస్ అనే రికార్డు సంస్థ సంకలనాలు వేసింది. మోన్‌రక్ ఫ్లేంగ్ థాయ్ అనే బ్లాగు పాత క్యాసెట్లను ఒక్కొక్కటిగా వినిపించింది. ఖ్రువాంగ్‌బిన్ వాళ్లు టెక్సస్‌లో కూర్చుని విన్నది అదే. ఆ బ్యాండ్ పేరుకి థాయ్‌లో విమానం అని అర్థం. 2010లో లండన్‌లోని సౌండ్‌వే సంస్థ 'సౌండ్ ఆఫ్ సయామ్' వేసింది. దాన్ని కూర్చిన ఇద్దరిలో ఒకరు బ్యాంకాక్ డీజే మాఫ్ట్ సాయ్. ఆయన చుట్టూ ఏర్పడిన పారడైస్ బ్యాంకాక్ మోలమ్ ఇంటర్నేషనల్ బ్యాండ్ వెదురు గొట్టాల ఖేన్, ఫిన్ వాద్యాలను యూరప్ వేదికల మీదికి తీసుకెళ్లింది.

వీళ్లందరికీ నేను రుణపడి ఉన్నాను. వాళ్లు ఏరకపోతే ఎన్నో రికార్డులు చెత్తబుట్ట పాలయ్యేవి. బ్యాంకాక్ కుర్రకారు కూడా తమ తాతల పాటను మళ్లీ చెవినేసుకున్నది కొంత వీళ్ల వల్లే. అయితే ఏరింది ప్రధానంగా డీజేలు. జనం లేచి ఆడే పాటలు వాళ్లకు కావాలి. అందుకే లయ బిగువుగా ఉన్నవి, గిటారు వింతగా మోగేవి, పదిమందికీ తెలియనివి ఎంచారు. థాయ్ ఇళ్లలో ముప్పై, నలభై ఏళ్లుగా పాడుకుంటున్న నెమ్మది పాటలు, ఏడిపించే పాటలు ఆ వడపోతలో నిలవలేదు. బయటి అభిమానులు చాలామంది 1980తో ఈ సంగీతం అయిపోయిందనుకుంటారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ అపోహే.

ఇప్పుడు గొంతు సంగతి. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే లూక్ థుంగ్ గాయకుల కళ. బ్యాండు వెనక ఉంటుంది. థాయ్‌లో ప్రతి అక్షరానికీ ఒక స్వరస్థాయి ఉంటుంది, మొత్తం ఐదు. స్థాయి మారితే అర్థమే మారిపోతుంది. కాబట్టి బాణీ కట్టేవాడికి చేతులు కట్టేసినట్టే: మాట పైకి లేచేచోట రాగం కిందికి దిగితే వినేవాళ్లకు మాట తప్పుగా అందుతుంది. గాయకులు ఈ ఇరుకులోంచే అందం తీస్తారు. స్వరం మీదికి నేరుగా రారు, కింది నుంచి జారి ఎక్కుతారు, లేదా పైనుంచి వాలి దిగుతారు. పాదం చివర గొంతులో తెచ్చే ఆ వణుకును 'లూక్ ఖో' అంటారు. మన గమకం తెలిసిన చెవికి ఇది వెంటనే పట్టుబడుతుంది, పాశ్చాత్య శ్రోతకన్నా మనకు ఇక్కడ పని సులువు. భాష రాకుండా వినడంలో అర్థముందా అని అడిగారు కదా. ఆ జారుళ్లలో సగం భాషే. మాట అర్థం కాకపోయినా మాట ఆకారం మీ చెవిన పడుతూనే ఉంది.

అందుకే మొదట ఒకే ఒక్క గొంతును పట్టుకోండి. నా సలహా ఫుమ్‌ఫువాంగ్ డువాంగ్‌చన్. ఇంటిపేరులా ఉన్న ఆ 'డువాంగ్‌చన్' అంటే చందమామ; 'చన్' మన చంద్రుడే. 1961లో పుట్టి సుఫన్‌బురి చెరకు తోటల్లో పెరిగింది. బడికి వెళ్లింది రెండేళ్లే, చదవడం రాదు. పాటలన్నీ ఎవరో చదివి వినిపిస్తే నోటికి పట్టి పాడింది. చిన్నవయసులోనే వైఫోట్ ఫెట్‌సుఫన్ బృందంలో చేరింది. 1980ల్లో నెమ్మది పాటలు పాడుతూనే, కీబోర్డులతో హుషారుగా ఆడించే కొత్త లూక్ థుంగ్‌నీ జనానికి అలవాటు చేసింది. ల్యూపస్ జబ్బుతో 1992 జూన్ 13న పోయింది, ముప్పై ఒకటి కూడా నిండలేదు. అంత్యక్రియలకు రాజకుమారి సిరింధోర్న్ వచ్చారు. సుఫన్‌బురి జిల్లాలోని వాట్ థప్ క్రదాన్ గుడిలో ఆమె బొమ్మలున్నాయి. జనం పువ్వులు, గౌన్లు, అలంకరణ సామాన్లు సమర్పించి లాటరీ నంబరు అడుగుతారు. నేనూ ఒకసారి వెళ్లాను. ఒక నడివయసు ఆవిడ బొమ్మ ముందు కూర్చుని, ఏమీ అడగకుండా, ఒక పాట మొదటి నుంచి చివరి దాకా సన్నగా పాడి లేచి వెళ్లిపోయింది. చదువురాని పల్లెపిల్ల మహారాణి అయిన కథ అక్కడి కూలి ఆడవాళ్లకు ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

ఆమె హుషారు పాటొకటి, నెమ్మది పాటొకటి తీసుకుని వారం రోజులు అవే వినండి. తర్వాత వెనక్కి వెళ్లి, లూక్ థుంగ్ రాజుగా చెప్పుకునే సురఫోన్ సోంబట్‌చరోన్‌ను వినండి. ఆయనా సుఫన్‌బురి వాడే. 1968 ఆగస్టులో నఖోన్ పథోమ్‌లో కచేరీ ముగించుకుని వెళ్లబోతుండగా కాల్చి చంపారు. ఆయన పాటల్లో హాస్యం, వేళాకోళం చాలా ఉంటాయి. మాటలు తెలియకపోతే అందులో కొంత జారిపోతుంది, ఫర్వాలేదు.

మోలమ్‌కి దారి వేరు. బిగువైన దరువు పాటతో మొదలుపెట్టకుండా, ఒక్క ఖేన్, ఒక్క గొంతు ఉన్న 'లమ్ క్లోన్' రికార్డింగు వెతకండి. ఖేన్ అంటే రెండు వరసల్లో పదహారు వెదురు గొట్టాలు. లోపల మన హార్మోనియంలో లాగే లోహపు రీడులుంటాయి, ఊపిరి వదిలినా మోగుతుంది, పీల్చినా మోగుతుంది. అందుకే ఆ శబ్దం ఎక్కడా తెగదు. మొదట తాళం లేకుండా "ఓ ల నో" అని దీర్ఘంగా ఒక పిలుపు వస్తుంది. మన జానపదాల్లో, నాటకపు పాటల్లో సాకీ తీసినట్టే. ఆ తర్వాతే దరువు పడుతుంది. ఈ సాకీ భాగాన్ని దాటేసి దరువు దగ్గరికి పోవద్దని బతిమాలుకుంటున్నాను. మోలమ్ ప్రాణం అక్కడుంది. లమ్ క్లోన్‌లో ఆడ, మగ ఇద్దరు గాయకులు రాత్రంతా ఎదురెదురుగా నిలబడి ధర్మం మీద, కథల మీద, వలపు మీద ప్రశ్నలు, జవాబులు పద్యాల్లో విసురుకుంటారు. వేల పాదాలు కంఠతా రావాలి. బాణీ ముందే కట్టి ఉండదు. మాటల స్వరస్థాయిని బట్టి అప్పటికప్పుడు గొంతులో రూపం కడుతుంది.

ఈ పాటను పట్నం ఎప్పుడూ మర్యాదగా చూడలేదు. 1865లో రాజు మోంగ్‌కుట్ బ్యాంకాక్ ప్రాంతంలో లావ్ ఖేన్ ఆటపాటలు మానాలని శాసనం చేశాడు. థాయ్ ఆటపాటలు మరుగున పడుతున్నాయన్నది ఫిర్యాదు. ఖేన్ మోగేచోట వానలు తగ్గుతున్నాయని కూడా అందులో ఉంది. నూట యాభై ఏళ్ల తర్వాత కూడా ఈసాన్ యాసను హేళన చేసేవాళ్లను నేను చూశాను. పనిచేసే చోట నా పక్క సీటు అబ్బాయి ఇంటికి ఫోన్ చేసేటప్పుడు గొంతు తగ్గించి మాట్లాడేవాడు. అదే అబ్బాయి పండగనాడు వేదిక ముందు ఆ భాషలో పాటంతా అరిచి పాడాడు. బయటివాళ్లు వచ్చి మోలమ్ గొప్పదని అన్నప్పుడు ఈసాన్ పిల్లల ముఖంలో కనిపించే వెలుగు ఊరికే రాలేదు. విదేశీ అభిమానం మీద నాకున్న గౌరవానికి పెద్ద కారణం అదే.

తెలుగువాళ్లకు మాత్రమే దగ్గరగా అనిపించే ఒక పాట చెబుతాను. 1980ల్లో లక్షలమంది థాయ్ కూలీలు, వాళ్లలో ఎక్కువమంది ఈసాన్ వాళ్లు, సౌదీ వెళ్లారు. భూమి తాకట్టు పెట్టి ఏజెంటుకు డబ్బు కట్టి వెళ్లేవాళ్లు. అప్పుడు ఫింఫా ఫోన్‌సిరి పాడిన 'నమ్ తా మియా సావు' ఊరూరా మోగింది. పేరుకి అర్థం 'సౌదీ పెళ్లాం కన్నీళ్లు'. ఇంటి దగ్గర మిగిలిన భార్య వైపు నుంచి పాడిన పాట. 1989లో జరిగిన ఒక నగల దొంగతనం, ఆ వెంట బ్యాంకాక్‌లో సౌదీ దౌత్యాధికారుల హత్యలు రెండు దేశాల సంబంధాల్ని చెడగొట్టాయి. ఆ వలస ఆగిపోయింది. సంబంధాలు పూర్తిగా కుదుటపడింది 2022లో. మా అమ్మమ్మగారి ఊరు జగిత్యాల పక్కన. గల్ఫ్ నుంచి వచ్చే క్యాసెట్లో మొగుడి మాటలు విని ఏడ్చే ఆడవాళ్లను చిన్నప్పుడు చూశాను. పా వంటింట్లో ఈ పాట మొదటిసారి విని, అర్థం అడిగి తెలుసుకున్నాక ఆ పూట నేను అన్నం తినలేకపోయాను. ఆ సంకలనాల్లో దొరకని సగం అన్నానే, అది ఇదే.

ఆ దారిలోనే ఇంకొకటి. ఒకప్పటి బడిపంతులు సలా ఖునవుట్ రాయగా ఉబోన్ అమ్మాయి తాయ్ ఓరథాయ్ పాడిన 'డోక్ యా నై పా పూన్' వినండి. 'సిమెంటు అడవిలో గడ్డిపువ్వు' అని అర్థం. పనికోసం పట్నం వచ్చిన అమ్మాయి పాట అది. బాణీ సాదాగా ఉంటుంది, గిటారు వింతలేమీ ఉండవు. సంకలనాల చెవితో వింటే ఏముంది ఇందులో అనిపిస్తుంది. అనువాదం పక్కన పెట్టుకుని రెండోసారి వినండి. మీ సహోద్యోగి వాళ్లమ్మ వినేది ఈ కోవ పాటే అయి ఉంటుందని నా ఊహ. ఆమెనే అడగండి. వాళ్లమ్మగారికి ఇష్టమైన పాట ఒకటి చెప్పమనండి. నేను ఇచ్చే ఏ జాబితాకన్నా అది మంచి మొదలు.

పాడటం దాకా వెళ్లిన విదేశీయులూ ఉన్నారు. స్వీడన్ నుంచి వచ్చిన యోనాస్ ఆండర్సన్, ఆయనతో కలిసి పాడిన క్రిస్టీ గిబ్సన్ థాయ్ టీవీలో ఇంటింటికీ తెలిసిన లూక్ థుంగ్ గాయకులు. తెల్లవాళ్లు పాడుతున్నారన్న వింతతో జనం చూడటం మొదలుపెట్టినా, వాళ్లు నిలబడింది ఉచ్చారణ, లూక్ ఖో సరిగ్గా పట్టినందుకే.

వెతికే పద్ధతి గురించి కొంచెం. రోమన్ లిపిలో ఒకే పేరుకి నాలుగైదు స్పెల్లింగులుంటాయి, సగం పాటలు దొరకవు. గాయని పేరు థాయ్ లిపిలో కాపీ చేసుకుని యూట్యూబ్‌లో వేయండి. కింద వ్యాఖ్యలను యంత్రానువాదంలో చదవండి. పాట ఎవరిని ఎక్కడ తాకిందో వాటిలోనే ఉంటుంది. కొత్తవాటికి భయపడొద్దు. 2017లో లమ్‌యై హైథోంగ్‌ఖమ్ అనే కుర్ర గాయని పాటను కోట్లసార్లు చూశారు. ఆమె నృత్యం మీద ప్రధానమంత్రి దాకా అభ్యంతరం చెప్పారు. నాకు ఆ పాట అంత ఇష్టం లేదు, కానీ ఆ గొంతు కల్తీ లేని ఈసాన్ గొంతు.

వీలుంటే ఒక్కసారి మోలమ్ బృందం ప్రదర్శనకు వెళ్లండి. బ్యాంకాక్ బార్లలో చూసేది దాని నీడ మాత్రమే. బౌద్ధుల వర్షాకాలపు వ్రతం ముగిసిన అక్టోబరు తర్వాత, కోతలైపోయి ఎండాకాలం దాకా సీజను. నోక్‌నోయ్ ఉరైఫోన్ నడిపే సియాంగ్ ఈసాన్ లాంటి బృందాలు వందలమందితో లారీల్లో వస్తాయి. పొద్దున ఖాళీగా ఉన్న గుడి మైదానంలో సాయంత్రానికి మూడంతస్తుల వేదిక లేస్తుంది. రాత్రి తొమ్మిదికి ఈకల కిరీటాల నర్తకులతో మొదలై, అర్ధరాత్రి హాస్యం, ఆ తర్వాత కథ, తెల్లవారుజామున వీడ్కోలు పాటలు. వేదిక ముందు భాగాన్ని 'నా హాన్' అంటారు, కుర్రాళ్లు ఆడేది అక్కడ. పెద్దవాళ్లు, పిల్లలు వెనక చాపల మీద. మీరు చాప వైపు కూర్చోండి. అద్దెకిస్తారు, అయినా దుప్పటి ఒకటి తీసుకెళ్లండి, డిసెంబరు రాత్రి ఈసాన్‌లో చలి బాగానే ఉంటుంది. ఇరవై బాట్ నోట్లు కొన్ని చిల్లరగా ఉంచుకోండి. నచ్చిన గాయనికి పూలమాలకు నోటు గుచ్చి ఇస్తారు. ఆ దండను 'మాలై' అంటారు, మన మాలే. వేదిక అంచు దగ్గర నిలబడితే ఆమే వంగి, రెండు చేతులా అందుకుని, దండం పెట్టి, పాట ఆపకుండా పాడుతూనే ఉంటుంది.

రాత్రి రెండు దాటాక చాలామంది విదేశీయులు లేచి వెళ్లిపోతారు. మీరు ఉండండి. కథలో తల్లి పాత్ర ఏడ్చే ఘట్టం అప్పుడే వస్తుంది. బ్యాండు ఆగిపోయి, ఖేన్ ఒక్కటే మిగిలి, "ఓ ల నో" మొదలవుతుంది. చాపల మీద నిద్రపోయిన ముసలమ్మలు ఆ పిలుపుకి లేచి కూర్చుంటారు.